పీహెచ్.డి. నడిమి గడప : కంప్యూటర్ చదువులో అర్హత పరీక్ష కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంఘ కార్యదర్శి గారు కోరారు. రాజుల చరిత్రలు, కోటల చరిత్రలు, మన సంఘం పుట్టిన చరిత్ర ఇదివరకటి సంచికలలో పెద్దలు రాసే ఉన్నారు. అందుచేత నేను ఒక పరీక్ష చరిత్ర రాయదలచాను. అది మనం రాసిన పరీక్ష కాదు. మన పిల్లలూ మనవలూ రాస్తున్న పరీక్ష.

మన సభ్యుల ఇళ్ళలో చాలామంది పిల్లలు కంప్యూటర్ శాస్త్రంలో పీహెచ్.డి. చేస్తున్నారు. కొందరు అమెరికాలో ఉన్నారు, కొందరు కాన్పూరు, బెంగుళూరు, హైదరాబాదులలో ఉన్నారు. వాళ్ళ నోట 'క్వాల్స్' అనీ, 'కాంప్రిహెన్సివ్' అనీ, 'ప్రిలిమ్స్' అనీ వింటూ ఉంటాం. అదేమిటమ్మా అంటే "ఏదో పరీక్షలే తాతయ్యా" అని ఊరుకుంటారు. ఆ పరీక్ష ఎక్కడ పుట్టింది, ఎందుకు పెడతారు, ఎలా జరుగుతుంది, తప్పితే ఏమవుతుంది అనే నాలుగు సంగతులు ఇంటి పెద్దలకు తెలిసి ఉండటం అవసరమని నా అభిప్రాయం. ఎందుకు అవసరమో చివర మనవి చేస్తాను. మా మనవరాలు ఈ పరీక్షకు కూర్చున్న ఏడాది ఆమెను అడిగి, దొరికిన పుస్తకాలు చూసి తెలుసుకున్న విషయాలను ఇక్కడ క్రోడీకరిస్తున్నాను.

మనకు తెలిసిన పోలిక

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరాను. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం తీరకముందే సీనియర్ ఒకాయన "టెస్టులు పాసవకపోతే ఎక్కడి గొంగళి అక్కడే నాయనా" అని హెచ్చరించారు. డిపార్టుమెంటల్ టెస్టుల సంగతి మన సభ్యులకు చెప్పనక్కరలేదు. ట్రెజరీ కోడ్, ఫైనాన్షియల్ కోడ్ చంకన పెట్టుకుని పరీక్ష హాలుకు వెళ్ళిన రోజులు అందరికీ గుర్తే. కొన్ని పేపర్లకు పుస్తకాలు చూసి రాయవచ్చు. అయినా తప్పేవాళ్ళు తప్పేవారు. పుస్తకం చేతిలో ఉన్నా, ఏ రూలు ఎక్కడ వర్తిస్తుందో తెలియకపోతే మూడు గంటలూ పేజీలు తిప్పడానికే సరిపోయేది.

పీహెచ్.డి.లో అర్హత పరీక్ష స్థానం సుమారుగా ఇటువంటిదే. ప్రవేశం దొరకడం ఉద్యోగంలో చేరడం వంటిది. అర్హత పరీక్ష నెగ్గడం ప్రొబేషన్ డిక్లేర్ కావడం వంటిది. అమెరికాలో మొదటి ఒకటి రెండు సంవత్సరాలు పాఠాలు చదివి, ఈ పరీక్ష నెగ్గిన తరువాతనే విద్యార్థిని డాక్టరేటు 'అభ్యర్థి' అంటారు. అంతవరకు కేవలం విద్యార్థే. ఆ తరువాత మరో మూడు నాలుగేళ్ళు పరిశోధన, సిద్ధాంత వ్యాసం, చివర దాని సమర్థన. ఈ చదువుకు ఫీజు చాలావరకు విశ్వవిద్యాలయమే భరిస్తుంది. పైగా పాఠాలు చెప్పడంలో, పరిశోధనలో సాయపడినందుకు నెలనెలా భత్యం ఇస్తుంది. ఐదారేళ్ళు ఒకరిని పోషించే సంస్థ, ఈ మనిషి వల్ల పని అవుతుందా లేదా అని ముందుగా చూసుకోవడం సహజమే కదా.

బొలోనా నుంచి బాల్టిమోరు దాకా

మధ్యయుగంలో ఇటలీలోని బొలోనా నగరం న్యాయశాస్త్ర విద్యకు పేరుపొందింది. అక్కడ డాక్టరు కాదలచినవాడికి రెండు పరీక్షలు ఉండేవి. మొదటిది ఆంతరంగికం. ఉదయం న్యాయ గ్రంథాలలో రెండు భాగాలు చూపించి, అదే రోజు డాక్టర్ల సభ ముందు వాటిని వ్యాఖ్యానించమనేవారు. ఆ తరువాత ప్రశ్నలు. చివరకు సభ్యులు ఓటు వేసి నిర్ణయించేవారు. ఇందులో నెగ్గినవాడు రెండో పరీక్షకు వెళ్ళేవాడు. అది ప్రధాన చర్చిలో, జనం ముందు, ఊరేగింపుతో, విందులతో జరిగే వేడుక. దాని ఖర్చు భరించలేక మొదటి పరీక్షతోనే ఆగిపోయినవారు కూడా ఉన్నారు.

ఈ రెండు పరీక్షల తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. అసలు వడపోత నాలుగు గోడల మధ్య జరిగేది. జనం చూసేది వేడుక మాత్రమే. ఈనాటి పీహెచ్.డి.లోనూ చాలావరకు అంతే. చివరి సమర్థన నాడు తప్పేవారు బహు అరుదు. బంధువులకు ఫోటోలు వచ్చేది ఆ రోజే. అసలు జల్లెడ మాత్రం మధ్యలో, ఎవరికీ కనబడనిచోట ఉంది.

కొత్త విషయం కనుక్కున్నవారికే డాక్టరేటు అన్న పద్ధతి జర్మనీలో స్థిరపడింది. 1810లో స్థాపించిన బెర్లిన్ విశ్వవిద్యాలయం దానికి ఆదర్శమైంది. అమెరికాలో తొలి పీహెచ్.డి.లను 1861లో యేల్ విశ్వవిద్యాలయం ముగ్గురికి ఇచ్చింది. 1876లో బాల్టిమోరు నగరంలో వెలసిన జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధననే ప్రధానంగా పెట్టుకుంది. జర్మనీ సిద్ధాంత వ్యాసానికి అమెరికా వారు తరగతి పాఠాలను, మధ్యలో పరీక్షలను జోడించారు. చాలాచోట్ల ఫ్రెంచి, జర్మన్ భాషలు చదివి అర్థం చేసుకోగలరా అన్న పరీక్ష కూడా ఉండేది. తరువాతి కాలంలో కొన్ని శాఖలు ఒక విదేశీ భాషకు బదులు కంప్యూటర్ భాష నేర్చుకున్నా చాలునని సడలించాయి. ఫ్రెంచి స్థానంలో ఫోర్ట్రాన్ వచ్చి కూర్చుందన్నమాట.

కంప్యూటర్ శాస్త్రం వచ్చింది

అమెరికాలో కంప్యూటర్ శాస్త్రానికంటూ తొలి శాఖ 1962లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఏర్పడింది. 1965లో స్టాన్‌ఫర్డ్‌లో జార్జి ఫోర్సైత్ నాయకత్వాన ఒక శాఖ వెలసింది. అదే సంవత్సరం పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ సంస్థలో మరొకటి వెలసింది. ఈ సంస్థే 1967 నుంచి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమైంది. ఆ శాస్త్రంలో తొలి డాక్టరేట్లు కూడా 1965 నాటివే. వాటిలో ఒకటి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మేరీ కెన్నెత్ కెల్లర్‌కు దక్కింది. ఆమె కేథలిక్ సన్యాసిని. అప్పటికి ఆమె వయస్సు 51 సంవత్సరాలు. చదువుకు వయస్సు అడ్డు కాదని మనవంటివారం గర్వంగా చెప్పుకోదగిన ఉదాహరణ ఇది.

మరుసటి ఏడాది, అంటే 1966లో, స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటర్ శాస్త్రంలో డాక్టరేటు అందుకున్నవారిలో మన తెలుగువాడు ఒకరున్నారు. ఆయన దబ్బల రాజగోపాల రెడ్డి. లోకం రాజ్ రెడ్డిగా ఎరుగును. 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో జన్మించారు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేశారు. మనిషి మాటను యంత్రం గుర్తించడం ఆయన విషయం. 1969లో కార్నెగీ మెలన్‌కు వెళ్ళి, 1991 నుంచి 1999 వరకు అక్కడి కంప్యూటర్ శాస్త్ర విభాగానికి డీన్‌గా పనిచేశారు. 1994లో ఆ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు.

ఆనాటి విద్యార్థికి ఒక సదుపాయం ఉండేది, ఒక ఇబ్బందీ ఉండేది. శాస్త్రం చిన్నది కనుక శ్రద్ధగా చదివితే దాదాపు మొత్తం తలకెక్కించుకోవచ్చు. అయితే చదవడానికి పాఠ్యపుస్తకాలే తక్కువ. ఏయే పాఠాలు చెప్పాలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుల సంఘం సమగ్రంగా సిఫారసు చేసిందే 1968లో. డోనాల్డ్ కనూత్ మహాగ్రంథం మొదటి సంపుటం వెలువడిందీ ఆ ఏడాదే. అందుచేత తొలినాళ్ళ అర్హత పరీక్ష సహజంగా 'శాస్త్రమంతా వచ్చునా' అనే పరీక్షగా ఉండేది. గణితపరమైన సిద్ధాంతం, యంత్ర నిర్మాణం, ప్రోగ్రాము భాషలు, కృత్రిమ మేధ, వీటన్నిటిలో వ్రాతపరీక్షలు పెట్టేవారు. స్టాన్‌ఫర్డ్‌లో కనూత్ గారు కొత్త పరిశోధక విద్యార్థులకు ప్రత్యేకంగా ఒక తరగతి నడిపారు. అందులో పాఠం ఉండదు. కొన్ని గట్టి సమస్యలు ఇచ్చి, అందరూ కలిసి ఎలా తలపడాలో చర్చించడమే పాఠం. 1976 నాటి ఆ చర్చలను రాయించి శాఖ తరఫున పుస్తకంగా కూడా తెచ్చారు.

పరీక్ష గదిలో ఏం జరుగుతుంది

వ్రాతపరీక్ష మనకు తెలిసినదే. మౌఖిక పరీక్ష ఎలా ఉంటుందో మన రికార్డు రూముతో చెబితే సులభంగా బోధపడుతుంది. గదిలో ముగ్గురు ఆచార్యులు, ఒక నల్లబల్ల, ఒక విద్యార్థి ఉంటారు.

"ఒక గదిలో లక్ష పెన్షన్ ఫైళ్ళు నంబరు వరుసలో ఉన్నాయి. అడిగిన ఫైలు దొరకాలంటే ఎన్ని ఫైళ్ళు తీసి చూడాలి?" అని మొదటి ప్రశ్న. మొదటినుంచీ చూసుకుంటూ పోతే సగటున యాభై వేలు. సరిగ్గా మధ్య ఫైలు తీసి, మనకు కావలసింది దానికి ముందుందా వెనకుందా చూసి, ప్రతిసారీ సగం వదిలేస్తూ పోతే 17 సార్లలో దొరికి తీరుతుంది. విద్యార్థి ఇది చెప్పగానే ఆచార్యుడు మెచ్చుకుని ఊరుకోడు.

"పోల్చి చూడటం తప్ప వేరే దారి లేనప్పుడు, 17 కంటే తక్కువలో ఎప్పుడూ దొరికే ఉపాయం ఇంకెవరూ కనిపెట్టలేరని రుజువు చేయగలవా?" అంటాడు. అది సిద్ధాంతం. "రోజూ కొత్త ఫైళ్ళు వచ్చి మధ్యలో దూరాలంటే ఎలా? బీరువాలన్నీ జరుపుతావా?" అంటాడు ఇంకొకాయన. ప్రతి అరలోనూ కొంత ఖాళీ ఉంచి, అరలకు ఒక సూచిక, ఆ సూచికకు మరో సూచిక పెట్టుకోవాలి. బేయర్, మెక్రైట్ అనేవారు 1972లో ప్రకటించిన 'బి-ట్రీ' పద్ధతి సారాంశం ఇదే. నేటికీ బ్యాంకుల లెక్కలు ఉండే డేటాబేసులలో ఈ కుటుంబానికి చెందిన పద్ధతులే వాడుతున్నారు. "ఇద్దరు గుమాస్తాలు ఒకే ఫైలు మీద ఒకేసారి చెయ్యివేస్తే?" అని మూడో ఆయన. "ఒక బీరువాలోంచి తీసి మరో దానిలో పెట్టబోతుండగా కరెంటు పోతే?" అని మళ్ళీ మొదటాయన. ఫైలు కదిలించే ముందే రిజిస్టరులో రాసుకోవాలి, కరెంటు వచ్చాక రిజిస్టరు చూసి సరిచేసుకోవాలి. మూవ్‌మెంట్ రిజిస్టరు నడిపిన మన గుమాస్తాలకు ఇది కొత్తేమీ కాదు. కంప్యూటర్ వాళ్ళూ ఈ పనే చేస్తారు.

ఇలా ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ, విద్యార్థికి తెలియని చోటుదాకా తీసుకువెళ్ళడమే ఆ పరీక్ష పద్ధతి. ఎంత చదివినవాడైనా ఎక్కడో ఒకచోట "తెలియదు" అనక తప్పదు. ఆ మాట అన్న తరువాత ఏం చేస్తాడన్నదే ఆచార్యులు చూస్తారు. చేతులెత్తేస్తాడా, తోచింది బుకాయిస్తాడా, లేక "నాకు తెలియదు, కాని ఇలా మొదలుపెట్టి చూస్తాను" అని బల్ల మీద చిన్న ఉదాహరణ వేసుకుంటాడా? పరిశోధనలో రోజూ ఎదురయ్యేది తెలియని చోటే కనుక అక్కడి నడకనే పరీక్షిస్తారు. మా మనవరాలు గంటసేపు జరిగిన తన పరీక్ష నుంచి బయటికి వచ్చి, సగం ప్రశ్నలకు జవాబు పూర్తి చేయలేదు కనుక పోయిందనే అనుకుంది. సాయంత్రానికి నెగ్గినట్లు కబురు వచ్చింది.

మారుతూ వచ్చిన రూపం

శాస్త్రం పెరిగేకొద్దీ 'అంతా వచ్చునా' అనే పరీక్షకు అర్థం తగ్గుతూ వచ్చింది. ఒక్క మనిషి బుర్రలో పట్టనంత శాస్త్రాన్ని పరీక్షించడం ఎట్లా? అందుచేత ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో దారి పట్టింది. బర్క్‌లీలో మొదట ఒక రంగంలో మౌఖికంగా 'ప్రిలిమ్' పరీక్ష ఉంటుంది. 'క్వాలిఫైయింగ్' అనే పేరు అక్కడ ఆ తరువాతి మెట్టుకు చెందుతుంది. రాయబోయే సిద్ధాంత వ్యాసం ప్రణాళికను నలుగురు సభ్యుల సంఘం ముందు పెట్టడం ఆ మెట్టు. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో నిర్ణీత పాఠాలలో మంచి గ్రేడ్లు తెచ్చుకోవడం ఒక భాగం, చేసిన పరిశోధనను వివరించి ప్రశ్నలకు నిలబడటం రెండో భాగం. స్టాన్‌ఫర్డ్‌లో శాస్త్రమంతటికీ చెందిన విస్తృతిని ఇప్పుడు పాఠాల ద్వారానే చూస్తారు. అర్హత పరీక్ష విద్యార్థి ఎంచుకున్న రంగంలో ఉంటుంది.

కార్నెగీ మెలన్ పద్ధతి వేరు. పాఠాలతోపాటు, సభలో మాట్లాడగలడా, స్పష్టంగా రాయగలడా, ప్రోగ్రాము కట్టగలడా అని విడివిడిగా చూస్తారు. సెమిస్టరు చివర ఆచార్యులందరూ ఒకచోట కూర్చుని విద్యార్థులను పేరుపేరునా చర్చించి, ప్రతి ఒక్కరికీ ఉత్తరం ఇస్తారు. ఆ సమావేశానికి 'బ్లాక్ ఫ్రైడే' అని పేరు. మన రోజుల్లో వార్షిక రహస్య నివేదిక ఉండేది చూడండి, అటువంటిదే. కాని ఇందులో రహస్యం లేదు, ఏం లోపించిందో విద్యార్థికే రాసి చెబుతారు.

అందుచేత ఇద్దరు మనవలు రెండు విశ్వవిద్యాలయాలలో 'క్వాల్స్' అంటే, ఇద్దరూ చెప్పేది ఒకే పరీక్ష కాకపోవచ్చు. ఒకడిది నెగ్గి, ఇంకొకడిది ఇంకా కాలేదంటే వీడు వెనకబడ్డాడని అనుకోకూడదు.

మన దేశంలో

1963లో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 యంత్రం రావడం మన దేశంలో కంప్యూటర్ చదువుకు ఒక మైలురాయి. ఆ ఐ.ఐ.టి. అమెరికన్ విశ్వవిద్యాలయాల సహకారంతో రూపుదిద్దుకున్నది. ఐ.ఐ.టి.లలో నేడు పాఠాలు పూర్తయ్యాక సమగ్ర పరీక్ష ఉంటుంది. దానికి సాధారణంగా రెండు అవకాశాలు ఇస్తారు. విశ్వవిద్యాలయాలలో పద్ధతి వేరుగా ఉండేది. చాలాచోట్ల గైడు దొరికితే పేరు నమోదు చేసుకుని, నేరుగా వ్యాసం మీదికి వెళ్ళడమే. మధ్యలో తూచేవారు లేక పదేళ్ళు, పన్నెండేళ్ళు అలా నడిచిన నమోదులు మనలో కొందరికి తెలుసు. 2009 నాటి యు.జి.సి. నిబంధనలు ప్రవేశ పరీక్షను, కనీసం ఒక సెమిస్టరు పాఠాలను తప్పనిసరి చేశాయి. తరువాతి నిబంధనలు, సెమిస్టరుకు ఒకసారి సలహా సంఘం ముందు పని వివరించాలన్నాయి. తోవ వేరైనా ఉద్దేశం ఒకటే. చివరిదాకా ఆగకుండా మధ్యలో ఒకసారి తూచి చూడటం.

తప్పితే ఏమవుతుంది

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అమెరికాలోనూ సాధారణంగా రెండో అవకాశం ఇస్తారు. అదీ దాటలేకపోతే, చేసిన పాఠాలకు మాస్టర్స్ పట్టా ఇచ్చి పంపడం పరిపాటి. విదేశీ విద్యార్థికి దీనితో మరో చిక్కు ఉంది. చదువు ఆగితే విద్యార్థి వీసా ఆధారం కూడా కదులుతుంది. వేరే చోట ప్రవేశమో, నిబంధనల ప్రకారం ఉద్యోగమో, తిరుగు ప్రయాణమో త్వరగా తేల్చుకోవాలి. కొద్ది వారాలలో ఇంత పెద్ద నిర్ణయాలు చేయవలసిన పిల్లవాడికి అప్పుడు ఇంటివారి ఆలోచన కావాలి.

మా వీధిలో పెరిగిన ఒక అబ్బాయి అక్కడ ఈ పరీక్ష రెండుసార్లు తప్పాడు. ఊరి పేరు, బడి పేరు ఇక్కడ అనవసరం. ఎనిమిది నెలలపాటు ఇంట్లో చెప్పలేదు. ఇక్కడ వాళ్ళ నాన్నగారు కనబడినవారందరికీ "మావాడు ఇంకో రెండేళ్ళలో డాక్టరు" అని చెబుతూనే ఉన్నారు. అక్కడ వాడు మాస్టర్స్ పట్టా తీసుకుని, చిన్న కంపెనీలో చేరి, ఫోనులో మాత్రం "ల్యాబులో ఉన్నాను నాన్నా" అంటూ వచ్చాడు. తరువాత సెలవుకు వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని నాతో అన్నాడు: "పరీక్ష పోయిన రాత్రి నిద్ర పట్టింది తాతగారూ. నాన్నతో ఏం చెప్పాలో తోచక గడిపిన రాత్రులే నిద్ర పట్టలేదు." ఆ మాట విన్న తరువాతనే ఈ వ్యాసం రాయాలనిపించింది.

చరిత్ర ఏం చెబుతున్నదో చూశాం. ఈ పరీక్ష ఒక మనిషి తెలివికి తీర్పు కాదు. ఒక నిర్దిష్టమైన పనికి, అంటే తెలియని చోట ఏళ్ళ తరబడి ఒంటరిగా నడిచే పనికి, ఈ మనిషికి పొత్తు కుదురుతుందా అని ముందుగా చూసే ఏర్పాటు. ఆరేళ్ళు గడిచాక "నీవల్ల కాదు" అనడం కంటే రెండో ఏట అనడం విద్యార్థికీ మేలే. గడప దగ్గర ఆగినవాడు ఆ రెండేళ్ళలో నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. మన ఆఫీసుల్లో అకౌంట్స్ టెస్టు నాలుగుసార్లు తప్పి, తరువాత సెక్షను మొత్తాన్ని ఒంటిచేత్తో నడిపినవారిని మనం చూడలేదా?

కావున సాటి పెన్షనర్లకు నా మనవి ఒక్కటే. పిల్లలు ఫోను చేసినప్పుడు "ఎప్పుడు పూర్తవుతుంది?" అని అడగడం తగ్గిద్దాం. "ఈ వారం ఏం చదివావు, ఎక్కడ ఆగిపోయావు?" అని అడుగుదాం. ఆగిపోయానని చెప్పడం ఆ చదువులో తప్పు కాదు. ఆ పరీక్షలో మార్కులు పడేదే అక్కడ. వాళ్ళ ఆచార్యుల ముందు ధైర్యంగా "తెలియదు" అనగలిగిన పిల్లలు, మన ముందు "తప్పాను" అని కూడా అంతే ధైర్యంగా అనగలిగే ఇల్లు మనది కావాలి.